మొదటి ఇరవై గంటలు

కరాషోక్ షెడ్డులో ఓడ్వార్
సిలిండర్ లోపలికి టార్చి కొట్టి చూపించాడు.
గోడ నిండా సన్నటి గీతలు,
అటువి ఇటు, ఇటువి అటు, ఏటవాలుగా
వల అల్లినట్టు.
"అద్దంలా ఉంటే నూనె నిలవదు. ఈ గరుకే దాని ప్రాణం."
గుడ్డకి చేతులు తుడుచుకుని బిల్లు రాశాడు,
నాలుగు రెయిన్‌డీర్ దూడల ధర.
గుమ్మం దాకా వచ్చి మళ్లీ అన్నాడు:
"ఇరవై గంటలు. పచ్చి బాలింత అనుకో.
బరువులు లాగించకు, పరుగెత్తించకు.
అలాగని మంచాన పడేసి ఉంచకు."

మే నెల బురదలో దీన్ని చంపింది మా తమ్ముడు నీలాస్.
రేడియేటర్ నిండా పాచి కూరుకుపోయి
ఎర్రదీపం వెలిగితే
"దీపమే కదా" అనుకున్నాడట.
ఇప్పటికీ అదే మాటంటాడు
సిగ్గు లేకుండా, నా కాఫీ తాగుతూ.

మీట నొక్కితే దగ్గింది,
కాస్త పొగ ఉమ్మింది, నిలదొక్కుకుంది.
వేడెక్కనిచ్చి ఆపేశాను.
పూర్తిగా చల్లారేదాకా పక్కనే కూర్చున్నాను.
మళ్లీ లేపాను, మళ్లీ ఆపాను.
బీరెత్ అత్త కిటికీలోంచి అరిచింది:
"బాగైందా, కాలేదా?"
ఏం చెప్పను?

తర్వాత పీఠభూమి మీదికి.
రెండో గేరు, మూడు, మళ్లీ రెండు.
ఒకే వేగాన్ని పట్టుకు వేలాడకూడదు.
ఎక్కేటప్పుడు సగం దాకా నొక్కి,
దిగేటప్పుడు వేలు పూర్తిగా తీసేసి
ఇంజనే బండిని పట్టి దించేలా.
లోపల రింగు గోడను గీకుతోంది,
గోడ రింగును గీకుతోంది.
కొత్త చెప్పు కాలిని కరిచి కరిచి,
కాలు చెప్పును సాగదీసి సాగదీసి,
ఏదో ఒక మధ్యాహ్నం
రెండూ ఆ సంగతే మరిచిపోతాయి చూడండి,
ఆ మధ్యాహ్నం ఇంకా రాలేదు.

ఏడో గంటలో మంద చీలింది.
గాలి తిరిగి ఏ వాసన మోసుకొచ్చిందో,
ఎర్రబారిన బర్చి పొదల్లోంచి
ముప్పై తలలు ఒక్కసారిగా లేచి
ఉత్తరపు గుట్ట వైపు.
గుట్ట దాటితే ఐస్లాక్ వాళ్ల మంద.

థ్రాటిల్ మీదే ఉంది బొటనవేలు.
ఇంకో బియ్యపుగింజంత నొక్కితే చాలు,
చుట్టు తిరిగి వాటి ముందుకెళ్లిపోగలను.
ఇంజను అడగలేదు, వద్దనా లేదు.
నా వేలిని నేనే చూశాను
ఎవరిదో అయినట్టు.
సగం. సగం దగ్గరే.

చాహ్పి ఒక్కసారి నా వంక చూసి
తనే ఉరికింది.
పన్నెండేళ్ల కుక్క.
తిరిగొచ్చేసరికి నాలుక నేలకు ఆనుతోంది.
పందొమ్మిదింటిని తెచ్చింది.
పదకొండు పోయాయి.

కోపమొచ్చింది.
ఓడ్వార్ మీదో, నీలాస్ మీదో,
ఇరవై అనే అంకె మీదో తేలక
హెల్మెట్ తీసి నాచు మీద విసిరాను,
మళ్లీ నేనే వెళ్లి తెచ్చుకున్నాను.

పోయినవాటి చెవులకు మా గాట్లున్నాయి.
ఎడమకు రెండు, కుడి కొసన ఒకటి,
జులైలో నా కత్తితో నేనే పెట్టినవి.
నవంబరులో కంచె దగ్గర
ఐస్లాక్ చెవి చూస్తాడు,
రెండు మాటలంటాడు, వదిలేస్తాడు.
ఒక్కటి మాత్రం ఆలస్యంగా పుట్టింది, గాటు పడలేదు.
తల్లి వెనక ఉన్నంతవరకే అది మాది.

ఇరవయ్యో గంట దాటాక నూనె దించాను.
తేనె రంగు పోయి బూడిద రంగు.
డబ్బా వంచి వెలుగుకు పెడితే
చేప పొలుసు పొడి చేసి కలిపినట్టు మినుకులు.
బిరడా అయస్కాంతానికి నల్లని నూగు,
వేళ్ల మధ్య రుద్దితే మెత్తగా మాయమైంది.
ముక్కలు లేవు.
ఇంత గీకులాటకీ మిగిలింది ఇదే,
ఒక చిటికెడు.

"ఇక పూర్తిగా నొక్కొచ్చా?" అన్నాడు నీలాస్.
తాళంచెవి జేబులో వేసుకుని
కొత్త నూనె పోశాను.
నేనింకా మూత బిగిస్తుండగానే
చాహ్పి వెనక ర్యాకు మీదికెక్కి కూర్చుంది,
ఎవరూ పిలవకుండానే.